డబ్బాల్లో మిగిలిపోయిన సినిమాలు

తెలుగు టీవీ ఛానళ్ళలో పాత సినిమాలు పంచాంగం చూసుకుని వస్తాయి. శ్రీరామనవమికి ‘లవకుశ’, శివరాత్రికి ‘భూకైలాస్’, మే 28న ఎన్టీఆర్ జయంతికి ‘పాతాళ భైరవి’, సెప్టెంబరు 20న అక్కినేని పుట్టినరోజుకు ‘దేవదాసు’. ఎప్పుడైనా ఒక మధ్యాహ్నం ‘మిస్సమ్మో’ ‘గుండమ్మ కథో’. ఈ కాస్త మేర దాటితే, తెలుగు సినిమాకు మాటలొచ్చాక మొదటి నలభయ్యేళ్ళలో తయారైన వాటిలో చాలా భాగం టీవీ గడప తొక్కడం దాదాపుగా మానేశాయి. బాగోలేక మానేశాయనుకుంటే పొరపాటు. పాత సినిమా టీవీలో రావాలంటే ముందు దాని ప్రతి ఎక్కడో ఒకచోట బతికి ఉండాలి. దాన్ని చూపించే హక్కు ఎవరిదో తేలాలి. అవి రెండూ కుదిరినా ప్రకటనలిచ్చేవాళ్ళకు గిట్టాలి. కథ, నటన, సంగీతం ఎంత గొప్పవైనా వాటి మాట ఆ తర్వాతే వస్తుంది.

ఇది ఎలా జరిగిందో తెలియడానికి అనంతపురం జిల్లాకు చెందిన ఒక దర్శకుడి సినిమాలు చాలు. బెంగళూరు రహదారి మీద అనంతపురం దాటగానే రాప్తాడు వస్తుంది. అనంతపురానికి రెండో వైపున, ఈశాన్యంగా తాడిపత్రి ఉంది. అక్కడ 1912లో పుట్టిన కదిరి వెంకటరెడ్డే ‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డి. అదే ఊరి సంపన్నుడు, ఆయన స్నేహితుడు మూలా నారాయణస్వామి. పులివెందుల ప్రాంతం నుంచి వచ్చిన బి.ఎన్. రెడ్డితో కలిసి ఆయన పెట్టుబడి పెట్టగా వాహినీ సంస్థ నిలబడింది. రోహిణీ సంస్థలో క్యాషియర్‌గా మొదలైన కె.వి. రెడ్డి, వాహినీలో ప్రొడక్షన్ పనులు చూసి, 1943లో ‘భక్త పోతన’తో దర్శకుడయ్యాడు. మద్రాసులో తయారైన తెలుగు సినిమాకు రాయలసీమ మెట్ట నేల నుంచి ఇంత డబ్బూ ఇంత బుర్రా వెళ్ళాయని ఆ జిల్లాలోనే చాలామందికి తెలియదు.

కె.వి. రెడ్డి తెలుగులో తీసినవి 14 సినిమాలు. వాటిలో ‘పాతాళ భైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957), ‘జగదేకవీరుని కథ’ (1961) టీవీలో తిరుగుతూనే ఉన్నాయి. ‘దొంగరాముడు’ (1955), ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ (1963) అడపాదడపా వస్తాయి. ‘యోగి వేమన’ (1947), ‘గుణసుందరి కథ’ (1949), ‘పెద్దమనుషులు’ (1954), ‘పెళ్ళినాటి ప్రమాణాలు’ (1958), ‘భాగ్యచక్రము’ (1968) మాత్రం వెతుక్కుంటే తప్ప కంటబడవు. ఒకే దర్శకుడు, స్టాప్‌వాచ్ పెట్టి సన్నివేశం నిడివి ముందే కొలుచుకునే ఒకే పద్ధతి, చాలావరకు ఒకే స్టూడియో. అయినా ఒకదాని గతి ఒకదానికి పట్టలేదు.

‘పెద్దమనుషులు’ సంగతే చూడవచ్చు. ఊరికి పెద్దగా చెలామణీ అయ్యే మునిసిపల్ చైర్మన్, ఆయన చుట్టూ కాంట్రాక్టరు, వ్యాపారి, పూజారి. వాళ్ళందరి మర్యాద కింద ఏముందో బయటపెట్టే కథ ఇది. నార్వే నాటకకర్త ఇబ్సెన్ రాసిన ఒక నాటకం దీనికి ఆధారం. డి.వి. నరసరాజు మాటలు రాసిన తొలి సినిమా ఇదే. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. ఇందులో పెద్ద హీరో లేడు. చైర్మన్‌గా వేసిన జంధ్యాల గౌరీనాథశాస్త్రికి అభిమాన సంఘాలు లేవు. ఏ జయంతికీ వర్ధంతికీ ఈ సినిమా వేయాలని ఛానల్‌కు గుర్తు రాదు. పంచాయతీ ఎన్నికలు జరిగే ఏ ఊళ్ళోనైనా ఈ సినిమా నేటికీ కుర్చీలో కదలకుండా కూర్చోబెడుతుంది. అయినా క్యాలెండర్‌లో దానికి తేదీ లేదు.

‘యోగి వేమన’ పరిస్థితి ఇంకా చిత్రం. వేమన సమాధి కదిరి దగ్గరి కటారుపల్లెలో ఉంది. 2022లో జిల్లాను విడదీసేదాకా అది అనంతపురం జిల్లాయే. సీమ దర్శకుడు సీమ కవి మీద తీసిన సినిమా అది. వేమనగా చిత్తూరు నాగయ్య నటించాడు, సంగీతంలోనూ ఆయన చేయి ఉంది. మెప్పు దొరికినంతగా డబ్బు రాలేదు. ఆ వెంటనే కె.వి. రెడ్డి జానపదం వైపు మళ్ళి ‘గుణసుందరి కథ’ తీశాడు. షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’లోని ముగ్గురు కూతుళ్ళను అందులో తెలుగు రాజకుమార్తెలుగా మార్చాడు. ఆ దారే ‘పాతాళ భైరవి’కి తీసుకెళ్ళింది. అంటే నేడు టీవీలో కనిపించే కె.వి. రెడ్డికి ముందున్న మెట్లన్నీ కనిపించని సినిమాల్లోనే ఉన్నాయి.

టీవీ రాకముందు ఈ సినిమాలు రాప్తాడు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు చేరిన దారి వేరు. సినిమా వ్యాపారంలో రాయలసీమ ప్రాంతాన్ని ఇప్పటికీ ‘సీడెడ్’ అనే పిలుస్తారు. సీడెడ్‌కు వచ్చిన కొద్దిపాటి ప్రింట్లు ముందు పట్టణాల్లో ఆడి, ఆ తర్వాత చిన్న ఊళ్ళకు దిగి, చివరికి టూరింగ్ టాకీస్ డేరాల్లోకి వచ్చేవి. తాత్కాలిక లైసెన్సు, గుడారం, నేల మీద ఇసుక, వెనక బెంచీలు, ఇంకా వెనక నాలుగు కుర్చీలు. మొదటి ఆటకు ముందు గుడారం మీది మైకులో ఘంటసాల పాడిన వేంకటేశ్వరుడి పాట వినపడితే టికెట్లు ఇస్తున్నారని పొలాల్లో ఉన్నవాళ్ళకు తెలిసేది. చెనక్కాయలు అమ్ముకుని చేతిలో నాలుగు డబ్బులు ఆడే నెలల్లో నేల టికెట్టుకు గిరాకీ, కరువు ఏడాదిలో డేరా బోసి.

ఒకే ప్రొజెక్టరు ఉండేది కాబట్టి ఆటకు మూడు నాలుగు ఇంటర్వెల్లు తప్పేవి కావు. 35 ఎం.ఎం. ఫిలింలో అడుగుకు 16 బొమ్మలు, సెకనుకు 24 బొమ్మలు కదులుతాయి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలకు అయిపోతుంది. మూడు గంటల పైచిలుకు ‘మాయాబజార్’ అంటే పదహారు వేల అడుగులకు పైనే. ఆ పొడవంతా డేరా దుమ్ములో, కార్బన్ కడ్డీల వేడిలో రోజుకు రెండుసార్లు పళ్ళచక్రాల మీద నడవాలి. పక్కన ఉండే చిల్లులు చిరిగిన చోట ఆపరేటర్ కత్తెరతో రెండు మూడు బొమ్మలు తీసేసి, మిగతా కొసలు గీకి, సిమెంటు పూసి అతికేవాడు. ఒక అతుకుకు ఒక మాటో, పాటలో ఒక చరణం చివరో పోయేది. ఇంకో ఊరికి వెళ్ళేసరికి అతుకులు రెట్టింపయ్యేవి. చివరి కేంద్రం దాకా వచ్చిన ప్రింటు ఇక ఎందుకూ పనికిరాదని చాలాసార్లు వెండి కోసం అమ్మేసేవారు. నలుపు తెలుపు ఫిలింలో బొమ్మ ఏర్పడేది వెండి రేణువులతోనే. దాన్ని కరిగించి వెండి తీసుకునే వ్యాపారం అప్పట్లో దేశమంతటా సాగింది. సినిమా కంటే దాని మీది వెండికే విలువ కట్టిన కాలం అది.

ప్రింటు పోయినా నెగటివ్ ఉంటే మళ్ళీ తీయవచ్చు. కానీ నెగటివ్‌కూ ఆయుర్దాయం ఉంది. 1950ల మొదటి దాకా వాడింది నైట్రేట్ ఫిలిం. అది వేడికి తనంత తానే మండుతుంది, మండితే నీళ్ళు పోసినా ఆరదు. పుణెలో నైట్రేట్ ఫిలింలు ఉంచిన గోదాములో 2003 జనవరిలో నిప్పంటుకుని ఎన్నో పాత భారతీయ సినిమాలు ఒక్కరోజులో బూడిదయ్యాయి. నైట్రేట్ తర్వాత వచ్చిన అసిటేట్ ఫిలిం అంత తేలిగ్గా మండదు గానీ కుళ్ళుతుంది. డబ్బా మూత తీయగానే ముక్కుకు పుల్లటి వెనిగర్ వాసన కొడితే లోపల రీలు ముడుచుకుపోయి, అంచులు వంకర తిరిగి, చుట్టు చుట్టుకు అంటుకుపోయి ఉంటుంది. ఒక డబ్బాకు పట్టిన ఆ ఆమ్లం గాలి పక్క డబ్బాలనూ పాడుచేస్తుంది. వేడి, తేమ ఎంత ఎక్కువైతే అంత వేగం. ఆ లెక్కన సముద్రపు ఒడ్డున ఉన్న మద్రాసు పాత ఫిలింకు శత్రుస్థానం. గాలిలో తేమ లేని అనంతపురం నయమే అనిపిస్తుంది కానీ ఏప్రిల్ ఎండ ఆ మాట అననివ్వదు.

అందుకే తొలి రోజుల తెలుగు సినిమా దాదాపు పూర్తిగా పోయింది. రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ లేదు. దక్షిణాదిలో తయారైన మూకీల్లో నిలిచింది ‘మార్తాండవర్మ’ ఒక్కటే. తెలుగు పాటలు వినిపించిన ‘కాళిదాస్’ (1931) లేదు. మొదటి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా లేదు, స్టిల్ ఫొటోలూ కరపత్రాలూ తప్ప. వీటిని ఛానళ్ళు వేయడం లేదని నిందించడానికి లేదు. వేయడానికి ఏమీ మిగల్లేదు. ఈ నష్టం తెలుగు వాళ్ళకే పరిమితమూ కాదు. అమెరికాలో మూకీ యుగపు కథాచిత్రాల్లో అసలు రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమేనని అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తేల్చింది.

రంగుల సినిమాలు వచ్చాక పరిస్థితి బాగుపడి ఉంటుందని అనుకోవడం సహజం. నిజానికి వాటిది మరో జబ్బు. వెండి బొమ్మ గట్టిది. ఈస్ట్‌మన్ కలర్‌లో బొమ్మ ఉండేది రసాయన రంగుల్లో. అందులో నీలం, పసుపు ముందు వెలిసిపోయి, చెట్టూ ఆకాశమూ చీరా అన్నీ గులాబీ రంగుకు తిరుగుతాయి. 1970ల ప్రింట్లు కొన్ని నేడు 1950ల నలుపు తెలుపు ప్రింట్ల కంటే అధ్వానంగా ఉండడానికి కారణం ఇదే.

తెలుగు సినిమాకు ఇంకో ప్రత్యేకమైన చిక్కు ఊరు మారడం వల్ల వచ్చింది. 1970ల నుంచి పరిశ్రమ మెల్లగా మద్రాసు వదిలి హైదరాబాదుకు వచ్చింది. నటులు, దర్శకులు, ఆఫీసులు వచ్చారు గానీ నెగటివ్‌లు మద్రాసు ల్యాబుల గోదాముల్లోనే ఉండిపోయాయి. ఒకటి రెండు సినిమాలు తీసి చేతులు కాల్చుకున్న నిర్మాతలు ఆ గోదాము అద్దె కట్టడం మానేశారు. వాళ్ళ వారసుల్లో కొందరికి తమ పేరున ఒక సినిమా ఉందన్న సంగతే తెలియదు. డిజిటల్ వచ్చి ఫిలిం కడిగే పని ఆగిపోవడంతో ల్యాబులే మూతపడ్డాయి. పెద్ద సంస్థల సినిమాలకు అడిగే నాథుడు ఉన్నాడు, చిన్న సంస్థలవి ఆ దశలోనే ఎక్కువగా జారిపోయాయి.

టీవీ మొదట్లో ఈ సినిమాలకు రెండో జన్మ ఇచ్చిన మాట కూడా చెప్పుకోవాలి. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. వారానికి ఒక తెలుగు సినిమా, శుక్రవారం చిత్రలహరి. ఊరికి నాలుగైదు టీవీలు ఉన్న రోజుల్లో అవి ఉన్న ఇళ్ళ వసారాలు నిండిపోయేవి. ఢిల్లీ దూరదర్శన్ ఆదివారం మధ్యాహ్నాలు అవార్డు పొందిన ప్రాంతీయ చిత్రాలు వేసేది. ప్రేమ్‌చంద్ కథతో మృణాల్ సేన్ తీసిన ‘ఒక ఊరి కథ’ (1977), శ్యామ్ బెనెగళ్ ‘అనుగ్రహం’ (1978), శారదకు మూడోసారి జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చిన ‘నిమజ్జనం’ లాంటి సినిమాలకు ప్రభుత్వ టీవీయే దిక్కు. థియేటర్లలోనే సరిగా ఆడని వాటిని ప్రైవేటు ఛానల్ ఎందుకు కొంటుంది?

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. రోజంతా నింపాల్సిన సమయం చాలా ఉంది, కొత్త కార్యక్రమాలు తక్కువ. దాంతో పాత సినిమాలను గంపగుత్తగా కొన్నారు. చేతికొచ్చిన డబ్బు చూసి కొందరు నిర్మాతలు నెగటివ్ హక్కులతో సహా రాసిచ్చారు. అప్పటి పద్ధతి టెలిసినీ. ఉన్న ప్రింటును యంత్రం మీద తిప్పి వీడియో టేపుకు ఎక్కించడం. గీతలున్నా, బొమ్మ వణికినా, పాట తెగినా అదే మాస్టర్ కాపీ అయింది. నాటి పెట్టె టీవీలో అది చెల్లింది. ఆ పదేళ్ళే తెలుగు టీవీలో పాత సినిమాకు స్వర్ణకాలం.

తర్వాత తెర మారింది. పాత సినిమా చట్రం దాదాపు చతురస్రం, ఎత్తుకు సుమారు ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్ల మధ్య వెడల్పు. ఇప్పటి టీవీది 16:9. పక్కల నల్ల పట్టీలు వదిలితే సెట్టు పాడైందని ఫోన్లు వస్తాయి. తెర నిండా సాగదీస్తే సావిత్రి ముఖం పక్కలకు ఉబ్బుతుంది. పైనా కిందా కోస్తే ‘మాయాబజార్’ ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే అంత జాగ్రత్తగా కూర్చిన దృశ్యంలో ఎస్.వి. రంగారావు కిరీటం పోతుంది. సాధారణ టేపులో ఉన్న 576 గీతల బొమ్మను హెచ్‌డీలో వేస్తే మసకబారినట్టు కనిపిస్తుంది. మళ్ళీ నెగటివ్ నుంచి స్కాన్ చేయించాలంటే లక్షలు అవుతాయి. ఆ ఖర్చుకు ఎదురుగా రాబడి చూస్తే, ప్రకటనదారుకు కావలసింది కొనుగోలు చేసే వయసు కుర్రకారు. మూడు గంటల నలుపు తెలుపు సినిమా రేటింగు ఒక డబ్బింగ్ యాక్షన్ సినిమా ముందు నిలవదని మార్కెటింగ్ వాళ్ళ నమ్మకం. ఈ నమ్మకం పూర్తిగా సరైనదేమీ కాదు. అసలు వేయని సినిమాకు రేటింగు ఎక్కడి నుంచి వస్తుంది? అయినా స్లాట్లు నిర్ణయించేది ఆ నమ్మకమే.

హక్కుల ముడి ఇంకో రకం. భారత కాపీరైటు చట్టం ప్రకారం సినిమా హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్ళు. 1992 దాకా అది 50 ఏళ్ళే. 60 ఏళ్ళ లెక్కన ‘యోగి వేమన’ 2007తోనూ, ‘మాయాబజార్’ 2017తోనూ, 1965లో వచ్చిన ‘సత్య హరిశ్చంద్ర’ 2025తోనూ అందరి సొత్తు అవుతాయి. పాటల సాహిత్యం లెక్క వేరు. అది కవి మరణించాక 60 ఏళ్ళు. 1971లో పోయిన ‘మాయాబజార్’ రచయిత పింగళి నాగేంద్రరావు మాటలకు 2031 చివరిదాకా రక్షణ ఉంది. గడువు తీరితే ఎవరైనా చూపించవచ్చు కదా, మంచిదే కదా అనిపిస్తుంది. జరిగేది దానికి దాదాపు తలకిందులు. హక్కు అందరిదైనా నెగటివ్ ఒకరి గదిలోనే ఉంటుంది. లక్షలు పోసి దాన్ని బాగుచేసిన మరునాడే ఇంకొకరు ఆ కాపీని ఉచితంగా తిప్పుకోవచ్చు. ఇక బాగుచేయించే వాడెవడు? ఒక్క తమకే ప్రసార హక్కు దొరకనప్పుడు ఛానళ్ళూ డబ్బు పెట్టవు.

గడువు తీరకముందే ఈ ముడి ఎంత గట్టిదో ‘మాయాబజార్’ రంగుల్లోకి మారినప్పుడు బయటపడింది. గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ దానికి రంగులద్ది, ధ్వనిని డీటీఎస్‌కు మార్చి, 2010 జనవరి 30న థియేటర్లలో విడుదల చేసింది. జనం బాగానే చూశారు. కొత్త తరానికి శశిరేఖ, ఘటోత్కచుడు దగ్గరైంది అప్పుడే. ఆ వరుసలో మరికొన్ని పాత సినిమాలు వస్తాయనుకున్నారు, రాలేదు. నెగటివ్ హక్కులు టీవీ సంస్థలకు అమ్మేసిన నిర్మాతల చేతిలో అధికారం లేకపోవడం, ఎవరు ఏం చేయబోయినా యాజమాన్యం మీద వివాదం రావడం కారణాలని ఆ సంస్థ చెప్పింది. టీవీని నమ్మి అమ్మిన సినిమాను టీవీ వేయదు, ఇంకొకర్ని ముట్టుకోనివ్వదు.

ఈ మధ్య కొంత కదలిక ఉంది. 1964లో పుణెలో మొదలైన జాతీయ ఫిలిం ఆర్కైవ్ ఇప్పుడు ఎన్‌ఎఫ్‌డీసీలో భాగం. అది 4కేలో పునరుద్ధరించిన ‘దేవదాసు’ (1953) 2024 నవంబరులో గోవా చలనచిత్రోత్సవంలో ఆడింది. అదే ఏడాది సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఆయన సినిమాలు పదింటిని దేశంలోని పలు నగరాల థియేటర్లలో వేయించింది. వాటిలో ‘భార్యాభర్తలు’, ‘డాక్టర్ చక్రవర్తి’తో పాటు టీవీలో అంతగా కనబడని ‘సుడిగుండాలు’ కూడా ఉంది. అదే సంస్థ 2019లో హైదరాబాదులో ఫిలిం పరిరక్షణ మీద శిక్షణ శిబిరం నడిపింది. రీలు శుభ్రం చేయడం, చిరిగిన చిల్లులు అతకడం నేర్చుకున్నవాళ్ళు తెలుగు నేల మీద ఉండడం చిన్న సంగతి కాదు. కాకపోతే శతజయంతులు పెద్ద నటులకే వస్తాయి. ‘పెద్దమనుషులు’ సమస్య అక్కడా అలాగే ఉంది.

పాటలకు మాత్రం ఈ బాధ అంతగా అంటలేదు. గ్రామఫోను రికార్డుల మీద, రేడియోలో వాటి దారి వేరుగా సాగింది. ‘భాగ్యచక్రము’ చూసినవాళ్ళు తక్కువ. పెండ్యాల కూర్చిన అందులోని వాన పాట వినని ఇల్లు ఉండదు. కడప ఆకాశవాణి పెట్టుకుని వినే రోజుల్లో వాన ఎరగని మెట్ట ఊళ్ళలో కూడా అది మోగింది. ఏ సినిమాలోదో తెలియకుండానే నోటికొచ్చిన పాటలు ఆ తరానికి చాలా ఉన్నాయి.

ఇప్పుడు రాప్తాడులో ‘గుణసుందరి కథ’ చూడాలనుకునేవాళ్ళకు దారి ఫోనే. క్యాసెట్ల కాలం నాటి వీడియో కంపెనీలే యూట్యూబులో పాత సినిమాలు పెట్టాయి. చాలావరకు అవే పాత టెలిసినీ కాపీలు. మూలన ఒక లోగో, మధ్యలో ఎగిరిపోయే పాట, గరగరమనే ధ్వని. వాటి కింద డెబ్బై ఎనభై ఏళ్ళవాళ్ళు మొదటిసారి ఏ డేరాలో చూశారో రాసుకుంటుంటారు. ఇరవై ఏళ్ళవాళ్ళు కూడా అడపాదడపా వస్తుంటారు, ఛానళ్ళ లెక్కల్లోకి వాళ్ళు రారు.

నెగటివ్ చేతిలో ఉండి ఏం చేయాలో తెలియని కుటుంబాలకు పుణె ఆర్కైవ్ తలుపు తెరిచే ఉంది. అక్కడ నలుపు తెలుపు ఫిలింకు 10 నుంచి 12 డిగ్రీలు, రంగుల ఫిలింకు 2 నుంచి 4 డిగ్రీల చల్లదనంలో ప్రత్యేక గదులు ఉన్నాయి. డబ్బాలు అక్కడ దాచుకోవడానికి ఇచ్చినంత మాత్రాన సినిమా మీద హక్కు పోదు, అది ఇచ్చినవాళ్ళ దగ్గరే ఉంటుంది. ఈ సంగతి తెలియక, హక్కు పోతుందేమోనన్న భయంతో, ఇనుప బీరువాల్లోనూ అటకల మీదా డబ్బాలు దాచుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. వెనిగర్ వాసన మొదలయ్యాక ఆ ఫిలింను మామూలు స్థితికి తేవడం ఎవరి వల్లా కాదు. చల్లగా ఉంచి కుళ్ళును నెమ్మదింపజేయడం, అది ముదిరేలోపు స్కాన్ చేసుకోవడం వరకే వీలవుతుంది.